విండోస్ నుంచి లినక్స్‌కు: ఆటల కంప్యూటర్ మార్పిడి డైరీ

ఆటల కోసం విండోస్ వదిలి లినక్స్‌కు మారాలనుకునేవారు ఈ పనిని యథాతథంగా చేసుకోగలగాలి, నేను పోగొట్టుకున్న గంటలను వాళ్లు పోగొట్టుకోకూడదు. అందుకే ఈ డైరీలో విజయాల కంటే తప్పులకే ఎక్కువ చోటిచ్చాను. ప్రతి దశ చివర అప్పటిదాకా పట్టిన గంటలు, సరిగా నడుస్తున్న ఆటల సంఖ్య రాశాను.

మారడానికి కారణం: విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నా ప్రాసెసర్ 2017 నాటిది కావడం వల్ల విండోస్ 11 అంగీకరించే జాబితాలో లేదు. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని అందుకోసం పక్కన పెట్టడం నాకు సమ్మతం కాలేదు.

యంత్రం: ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ 1080పీ మానిటర్. ఈ కార్డును నడిపే పూర్తిస్థాయి డ్రైవర్ కెర్నల్‌తో (లినక్స్ లోపలి మూల ప్రోగ్రామ్‌తో) పాటు రాదు, తయారీదారు ఇచ్చేదాన్ని విడిగా ఎక్కించుకోవాలి. ఈ ఒక్క వాక్యమే రెండో దశ మొత్తానికి మూలం. డిస్కులు మూడు: విండోస్ ఉన్న 250 జీబీ, ఆటలున్న 1 టీబీ, లినక్స్ కోసం ఖాళీగా ఉంచిన 500 జీబీ. లినక్స్ రకాల్లో నేను ఎంచుకున్నది ఫెడోరా.

మొదటి దశ: వదిలే ముందు తీసిన కొలతలు

విండోస్‌లో ఎంత వేగం వచ్చేదో రాసి పెట్టుకోకుండా మారితే, తర్వాత వచ్చే ప్రతి చిన్న కుదుపుకూ లినక్సే కారణమని అనిపిస్తుంది. అందుకే ముందుగా నాలుగు ఆటలను కొలిచాను. వాటికి క, ఖ, గ, ఘ అని గుర్తులు పెట్టుకున్నాను. క, విండోస్‌లో ఆటల బొమ్మలు గీయించే డైరెక్ట్‌త్రీడీ 11 మీద నడిచే పెద్ద ఓపెన్ వరల్డ్ ఆట, ఖ డైరెక్ట్‌త్రీడీ 12 ఆట, గ డైరెక్ట్‌త్రీడీ 9 కాలపు పాత ఆట. ఘకు తయారీదారులే విడిగా లినక్స్ వెర్షన్ కూడా విడుదల చేశారు.

కొలిచిన పద్ధతి:
1. ఆటలోనే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) ఉంటే దాన్ని, లేకపోతే ఒకే సేవ్ నుంచి ఒకే దారిలో 90 సెకన్ల నడకను ఎంచుకున్నాను.
2. ప్రతిదాన్నీ నాలుగుసార్లు నడిపి, మొదటిదాన్ని వదిలేసి, మిగిలిన మూడింటి సగటు తీశాను.
3. సగటు ఫ్రేమ్ రేటుతో పాటు అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల రేటును కూడా రాశాను. కంటికి తెలిసే కుదుపు ఈ రెండో అంకెలోనే ఉంటుంది.

విండోస్ ఫలితాలు: క సగటు 78, ఒక శాతం 56. ఖ సగటు 64, ఒక శాతం 47. గ పరిమితి పెట్టిన 144 దగ్గరే స్థిరంగా నిలిచింది. ఘ సగటు 90, ఒక శాతం 66.

ఇదే దశలో నా దగ్గరున్న 24 ఆటల పట్టిక కూడా వేసుకున్నాను. ఏ ఆట ఏ స్టోర్ నుంచి కొన్నది, సేవ్ ఫైళ్లు క్లౌడ్‌కు వెళతాయా, యాంటీ-చీట్ (మోసగాళ్లను పట్టే ప్రోగ్రామ్) ఉందా అనే మూడు గడులు చాలు. నాలుగో గడిగా, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌తో తమ అనుభవాలను ఆటగాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ సైటులో ఆ ఆటకు ఇతరులు ఇచ్చిన రేటింగ్ రాసుకున్నాను. అక్కడ రేటింగ్ పతకం కంటే, మన కార్డు లాంటిదే ఉన్నవారు ఇటీవల రాసిన అనుభవాలను చదవడం మేలు.

ఇప్పటిదాకా: 5 గంటలు. లినక్స్‌లో నడుస్తున్న ఆటలు 0/24.

రెండో దశ: డ్రైవర్, సెకనుకు 4 ఫ్రేములు

ఫెడోరా ఎక్కించడానికి 20 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత డ్రైవర్ ప్యాకేజీని, ఆటలు కొని ఆడే స్టోర్ ప్రోగ్రామ్ స్టీమ్‌ను ఎక్కించి, వెంటనే రీస్టార్ట్ చేశాను. డెస్క్‌టాప్ మామూలుగా వచ్చింది, వీడియోలు ఆడాయి, ఎక్కడా ఎర్రర్ కనబడలేదు. ఆట క తెరిస్తే సెకనుకు 4 ఫ్రేములు వచ్చాయి.

రెండు గంటల పాటు నేను ఆట సెట్టింగులే మార్చుతూ కూర్చున్నాను. అసలు సూచన చెవికి అందేంత దగ్గర్లోనే ఉంది. ప్రాసెసర్ ఫ్యాన్ హోరుమంటోంది కాని, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కదలనే లేదు. ఫ్రేమ్ రేటును తెర మూలన చూపే మ్యాంగోహడ్‌ను ఎక్కించి చూస్తే, ఆరు కోర్లూ నూరు శాతం దగ్గర ఉన్నాయి, గ్రాఫిక్స్ పరికరం పేరు ఉండాల్సిన చోట ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంది. అంటే కార్డును ఎవరూ వాడడం లేదు, బొమ్మనంతా ప్రాసెసరే గీస్తోంది.

తప్పులు రెండు, రెండూ నావే.

మొదటిది తొందర. ఫెడోరాలో ఈ డ్రైవర్ ప్యాకేజీ ఎక్కిన తర్వాత, మన కెర్నల్‌కు సరిపడే మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్క) తెర వెనుక తయారవుతుంది. అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది, పైకి ఏ గుర్తూ కనబడదు. ఆ పని ముగియకముందే నేను రీస్టార్ట్ చేశాను. మాడ్యూల్ తయారైందో లేదో మోడ్‌ఇన్ఫో కమాండుతో అడగాలి. డ్రైవర్ వెర్షన్ సంఖ్య జవాబుగా వస్తేనే రీస్టార్ట్ చేయాలి, మాడ్యూల్ దొరకలేదని వస్తే ఆగాలి.

రెండోది సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉన్నప్పుడు, యంత్రం నమ్మే తాళంచెవితో సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఇక్కడే తయారైన మాడ్యూల్‌కు ఇక్కడే తయారైన తాళంచెవితో సంతకం పడుతుంది కాబట్టి, ఆ తాళంచెవిని యంత్రానికి మనమే పరిచయం చేయాలి. సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే ఈ పని తప్పుతుంది కాని, అదే యంత్రంలో విండోస్ కూడా ఉంచుకునేవారికి ఆ దారి తర్వాత అడ్డు కావచ్చు. నేను ఆపకుండా ఇలా చేశాను:

1. డ్రైవర్ ఎక్కించడానికి ముందే కేమోడ్‌జెన్‌సీఏ కమాండుతో తాళంచెవిని తయారు చేశాను.
2. మోకుటిల్ కమాండుకు ఆ తాళంచెవి ఫైలును ఇచ్చి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టాను. దాన్ని కాగితం మీద రాసుకున్నాను.
3. రీస్టార్ట్ చేయగానే నీలి తెర వస్తుంది. ఏదో ఒక కీ నొక్కడానికి 10 సెకన్లే సమయం ఉంటుంది. మొదటిసారి నేను చూస్తూ ఉండగానే అది దాటిపోయింది, రెండో అడుగు మళ్లీ చేయాల్సి వచ్చింది.
4. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్ అనే వరుసలో ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టాను. అక్కడ అక్షరాలు గాని చుక్కలు గాని కనబడవు. కీబోర్డు కూడా అమెరికన్ అమరికలోనే ఉంటుంది కాబట్టి, పాస్‌వర్డులో ప్రత్యేక గుర్తులు లేకుండా చూసుకోవడం మంచిది.
5. డ్రైవర్‌ను ఎక్కించి, మోడ్‌ఇన్ఫో జవాబిచ్చేదాకా ఆగి, అప్పుడు రీస్టార్ట్ చేశాను.

తర్వాత అదే ఆట, అవే సెట్టింగులతో, సెకనుకు 61 ఫ్రేములు ఇచ్చింది. విండోస్‌లోని 78తో పోలిస్తే ఇంకా తక్కువే. కారణం ఐదో దశలో వస్తుంది.

ఇప్పటిదాకా: 11 గంటలు. నడుస్తున్న ఆటలు 1/24.

మూడో దశ: ఆటల డిస్కు

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఆటల వేగం గురించి అందరూ మాట్లాడతారు, డిస్కు గురించి మాట్లాడేవారు తక్కువ. నా 38 గంటల్లో 9 ఇక్కడే పోయాయి.

1 టీబీ డిస్కులో 412 జీబీ ఆటలు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్నాయి. లినక్స్ ఆ ఫార్మాట్‌ను చదవగలదు, రాయగలదు. మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని లేకుండా అదే డిస్కును రెండు వైపులా వాడుకోవచ్చని అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: స్టీమ్‌కు ఆ డిస్కును చూపిస్తే, ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదని తిరస్కరించింది. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ దీనికి కారణం. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళుతుంది. అలా వదిలిన డిస్కును పాడుచేయకుండా ఉండడానికి లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్‌లోకి వెళ్లి, హైబర్నేషన్ మొత్తాన్ని ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేశాక అనుమతి వచ్చింది.

రెండో ప్రయత్నం: ప్లే నొక్కితే బటన్ రెండు సెకన్లు మారి, మళ్లీ ప్లే అనే చూపించింది. ఎర్రర్ ఏదీ లేదు. ఇలాంటప్పుడు లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్ లాగ్‌ను ఆన్ చేస్తే, హోమ్ ఫోల్డర్‌లో ఆట నంబరుతో ఒక లాగ్ ఫైలు పుడుతుంది. దాన్ని చదివాక విషయం తెలిసింది. ప్రోటాన్ ప్రతి ఆటకూ కాంప్యాట్‌డేటా అనే ఫోల్డర్‌లో ఒక చిన్న నకిలీ విండోస్‌ను కడుతుంది. దానిలో సీ డ్రైవ్‌కు దారి చూపే ఒక లింకు ఉంటుంది. ఆ లింకు పేరే ‘సి’ అక్షరం, పక్కన కోలన్ గుర్తు. లినక్స్‌కు కోలన్ మామూలు అక్షరమే. విండోస్ మాత్రం ఫైలు పేరులో దాన్ని ఒప్పుకోదు.

మూడో ప్రయత్నం: కాంప్యాట్‌డేటాను లినక్స్ డిస్కుకు తరలించి, పాత చోట ఒక లింకు పెట్టాను. ఆటలు మొదలయ్యాయి, మూడు రోజులు నిశ్చింతగా ఆడుకున్నాను. నాలుగో రోజు విండోస్‌లోకి వెళితే డిస్కు తనిఖీ దానంతట అదే నడిచింది. తిరిగి వచ్చాక మూడు ఆటల ఫైళ్లు పాడయ్యాయని స్టీమ్ చెప్పింది. అప్పుడు ఈ దారిని పూర్తిగా వదిలేశాను. ఒకే డిస్కు మీద రెండు వ్యవస్థలతో ఆటలు ఆడించాలనే ఆలోచనను మొదటి రోజే మానుకుని ఉంటే ఆరు గంటలు మిగిలేవి.

చివరికి చేసిన పని:
1. 412 జీబీని బయటి యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేశాను. సెకనుకు సుమారు 95 ఎంబీ చొప్పున 1 గంట 12 నిమిషాలు పట్టింది.
2. ఆటల డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేశాను.
3. కొత్త డిస్కు పైఫోల్డర్‌కు యజమాని రూట్ యూజరే (యంత్రం నిర్వాహకుడే) అవుతాడు. దాన్ని నా యూజర్ పేరు మీదికి మార్చాను. ఇది మరచిపోతే స్టీమ్ మళ్లీ అనుమతి లేదనే అంటుంది.
4. బూట్ సమయంలో డిస్కు దానంతట అదే తెరుచుకోవడానికి ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని యూయూఐడీతో (డిస్కు గుర్తింపు సంఖ్యతో) ఒక వరుస రాశాను.
5. ఆట ఫోల్డర్లను వెనక్కి కాపీ చేసి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కాను. స్టీమ్ ఉన్న ఫైళ్లను గుర్తించి, తేడా ఉన్నవాటినే తెచ్చుకుంది. మొత్తం డౌన్‌లోడ్ 6 జీబీ.

నాలుగో అడుగులో ఇంకో దెబ్బ తగిలింది. యూయూఐడీలో ఒక అక్షరం తప్పు రాయడంతో యంత్రం డెస్క్‌టాప్‌దాకా రాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఆ వరుసలో నోఫెయిల్ అనే మాట ఉంటే డిస్కు దొరకకపోయినా బూట్ ఆగదు. సరిదిద్దాక ఆ మాటను చేర్చాను. వరుస రాసిన వెంటనే రీస్టార్ట్ చేయకుండా, మౌంట్ కమాండుతో మొత్తం ఫైలును ఒకసారి పరీక్షిస్తే తప్పు అక్కడే బయటపడుతుంది.

ఇప్పటిదాకా: 20 గంటలు. నడుస్తున్న ఆటలు 17/24.

నాలుగో దశ: సేవ్ ఫైళ్లు

పట్టికలోని రెండో గడి ఇక్కడ అక్కరకు వచ్చింది. 24 ఆటల్లో 9 ఆటల సేవ్‌లు క్లౌడ్‌కు వెళ్లవు. విండోస్‌లో అవి ఎక్కువగా డాక్యుమెంట్స్‌లో గాని యాప్‌డేటాలో గాని ఉంటాయి. లినక్స్‌లో అదే దారి కాంప్యాట్‌డేటాలోని ఆట నంబరు ఫోల్డర్ లోపల, నకిలీ సీ డ్రైవ్‌లో, స్టీమ్‌యూజర్ అనే యూజర్ కింద కనబడుతుంది. ఆటను ఒకసారి తెరిచి మూస్తే ఆ ఫోల్డర్ పుడుతుంది, అప్పుడు సేవ్‌ను అందులో పెట్టాలి. ఎనిమిది ఆటలకు ఇది ఇబ్బంది లేకుండా జరిగింది. తొమ్మిదోది సేవ్‌లను రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల ఖజానాలో) దాచుకునే పాత ఆట. దాని భాగాన్ని విండోస్‌లో ఎగుమతి చేసి, ఇక్కడి నకిలీ విండోస్ రిజిస్ట్రీలోకి దిగుమతి చేశాను.

దెబ్బ తగిలింది క్లౌడ్ ఉన్న ఆట దగ్గరే. ఆట క ను కొలతల కోసం మొదట తెరిచినప్పుడు నెట్ లేదు. అది కొత్త ఖాళీ సేవ్‌ను పుట్టించింది. నెట్ వచ్చాక, క్లౌడ్‌లోని సేవ్‌ను ఉంచాలా ఈ యంత్రంలోనిదాన్ని ఉంచాలా అని స్టీమ్ అడిగింది. కొత్త తేదీ ఉన్నదే సరైనదని అనుకుని యంత్రంలోనిదాన్ని ఎంచుకున్నాను. కొత్త తేదీ ఖాళీ సేవ్‌ది. అరవై గంటల ఆట క్లౌడ్‌లో చెరిగిపోయింది. విండోస్ డిస్కును ఇంకా తుడిచివేయలేదు కాబట్టి అక్కడి ప్రతి నుంచి తిరిగి తెచ్చుకోగలిగాను. అన్ని సేవ్‌లూ తెరుచుకున్నాయని కళ్లారా చూసుకునేదాకా పాత డిస్కును ముట్టుకోవద్దు.

ఇప్పటిదాకా: 24 గంటలు. నడుస్తున్న ఆటలు 17/24, వెనక్కి వచ్చిన సేవ్‌లు 9/9.

ఐదో దశ: వేగం

కొలతలకు ముందు లోపల జరిగేది తెలిసి ఉండాలి. 2018 ఆగస్టులో స్టీమ్ యజమాని వాల్వ్ విడుదల చేసిన ప్రోటాన్‌కు పునాది 1993 నుంచి పెరుగుతూ వచ్చిన వైన్. విండోస్ ప్రోగ్రామ్ అడిగే పనులను వైన్ లినక్స్ పనులుగా మారుస్తుంది. బొమ్మల వైపు, డైరెక్ట్‌త్రీడీ 9, 10, 11లను డీఎక్స్‌వీకే, 12ను వీకేడీత్రీడీ-ప్రోటాన్, లినక్స్‌లోనూ పనిచేసే గ్రాఫిక్స్ వ్యవస్థ వల్కన్‌లోకి అనువదిస్తాయి. అనువాదం ఎంత బాగున్నా, దాన్ని అందుకునే కార్డు డ్రైవర్ మీద కూడా ఫలితం ఆధారపడుతుంది.

ఆట క: మొదటి పరుగులో సగటు 61, ఒక శాతం 22. షేడర్లు (కార్డు మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్‌లు) అప్పటికప్పుడు తయారవుతుండడమే కారణం. మలుపు తిరిగిన ప్రతిసారీ తెర అర క్షణం గడ్డకట్టేది. మూడో పరుగుకు సగటు 76, ఒక శాతం 57. విండోస్ అంకెలకు ఇది దాదాపు సమానం. ఆట తెరవగానే షేడర్లు తయారవుతున్నాయని స్టీమ్ చూపించే కిటికీని నేను మొదట్లో స్కిప్ చేసేవాణ్ని. ఇప్పుడు దాన్ని పూర్తికానిస్తున్నాను.

ఆట గ: 144 దగ్గర స్థిరం. చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఆట ఘ: లినక్స్ వెర్షన్ సగటు 71. విండోస్‌లో వచ్చిన 90తో చూస్తే ఇది చాలా తక్కువ. ఆట ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ దగ్గర ప్రోటాన్‌ను బలవంతంగా ఎంచుకుని, విండోస్ వెర్షన్‌ను తెప్పించి నడిపితే 88 వచ్చింది. సొంత వెర్షన్ ఉన్నంత మాత్రాన అదే వేగమైనదని అనుకోకూడదు. విడుదలయ్యాక దాన్ని పట్టించుకునేవారు లేకపోతే, రోజూ మెరుగవుతున్న అనువాదం దాన్ని దాటిపోతుంది.

ఆట ఖ: నన్ను ఎక్కువగా కూర్చోబెట్టింది ఇదే. మొదట సగటు 53, ఒక శాతం 38. ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పుకూ నాలుగు పరుగులు తీశాను.
1. ఒక ప్రోగ్రామ్ వాడగల మెమరీ మ్యాప్‌ల (మెమరీ భాగాల) పరిమితిని పెంచాలనే పాత సలహాను పాటించబోయాను. పాత అప్రమేయ విలువ 65530. ఫెడోరా 39 నుంచే దాన్ని 1048576కు పెంచి ఇస్తోంది. చేయడానికి ఏమీ మిగల్లేదు.
2. ఆట నడిచేటప్పుడు యంత్రాన్ని వేగం వైపు సర్దే గేమ్‌మోడ్ వాడితే సగటు 53 అలాగే ఉంది, ఒక శాతం మాత్రం 40కి పెరిగింది. ఉంచాను.
3. కొత్త డ్రైవర్ వెర్షన్‌తో సగటు 55, ఒక శాతం 41. ఉంచాను.
4. నీడల నాణ్యతను ఒక మెట్టు తగ్గిస్తే 61 వచ్చింది. ఇది పోలికకు చెల్లదు కాబట్టి పట్టికలో వేయలేదు. ఆడేటప్పుడు మాత్రం అలాగే ఉంచుకున్నాను.

64 నుంచి 55 అంటే 14 శాతం నష్టం. నా కార్డు, నా డ్రైవర్‌తో ఈ ఆటకు ఇది మిగిలింది. దీన్ని దాచి, లినక్స్‌లో అన్నీ విండోస్ కంటే వేగమని రాయడం చదివేవారికి అన్యాయం చేయడమే.

ఇప్పటిదాకా: 31 గంటలు. నడుస్తున్న ఆటలు 17/24.

ఆరో దశ: మొండికేసిన ఏడు

రెండు ఆటలు నడిచేవి కాని, కథా సన్నివేశాల వీడియో రావలసిన చోట టీవీ పరీక్షల నాటి రంగుల పట్టీలు వచ్చేవి. జీఈ-ప్రోటాన్ అనే సముదాయ వెర్షన్‌కు మారగానే వీడియోలు వచ్చాయి. ఇంకో రెండు వేరే స్టోర్ల ఆటలు. వాటికి అలాంటి స్టోర్ల ఆటలను తెరిచే హీరోయిక్ లాంచర్ పెట్టుకున్నాను, అరగంటలో తేలిపోయింది.

ఐదోది మోడ్‌లతో (ఆటను మార్చే అదనపు ఫైళ్లతో) ఆడే ఆట. మోడ్ లోడర్ ఒక డీఎల్ఎల్ ఫైలుగా ఆట ఫోల్డర్‌లోనే ఉంది. అయినా వైన్ తన సొంత డీఎల్ఎల్‌నే వాడుకుంటూ దాన్ని పక్కన పెట్టింది. డీఎల్ఎల్ ఓవర్‌రైడ్స్‌లో ఆ ఫైలు పేరుకు ముందు ఫోల్డర్‌లోనిది, తర్వాత సొంతది అనే వరుస ఇస్తే మోడ్‌లు పలికాయి.

మిగిలిన రెండూ యాంటీ-చీట్ ఉన్న ఆన్‌లైన్ ఆటలు. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021 సెప్టెంబరులోనే ప్రోటాన్‌కు తలుపు తెరిచాయి. కాని ఆ తలుపును ప్రతి ఆటకూ దాని తయారీదారే తీయాలి. విండోస్ కెర్నల్‌లో కూర్చునే రకానికి ఇక్కడ చోటే లేదు, ఎందుకంటే వైన్ కింద విండోస్ కెర్నల్ ఉండదు. నా రెండు ఆటలకూ ఆ అనుమతి లేదు. ఈరోజు నడిచేది ఎప్పటికీ నడుస్తుందన్న హామీ కూడా లేదు. 2024 అక్టోబర్ చివరలో ఎపెక్స్ లెజెండ్స్ లినక్స్ ఆటగాళ్లకు ప్రవేశాన్ని ఆపివేసింది. యాంటీ-చీట్‌ను ఏమార్చే చిట్కాలు కనబడతాయి. వాటి జోలికి వెళ్లలేదు, ఖాతా శాశ్వతంగా పోతుంది.

ఇప్పటిదాకా: 36 గంటలు. నడుస్తున్న ఆటలు 22/24.

ఏడో దశ: ఆ రెండింటి కోసం

ఈ రెంటిలో ఒకదాన్ని పాత స్నేహితులతో వారానికి మూడు రాత్రులు ఆడతాను. దాన్ని వదులుకోవడం నావల్ల కాలేదు. 250 జీబీ డిస్కులో విండోస్‌ను ఆ రెండు ఆటలకే ఉంచాను. అందులో మెయిల్, బ్యాంకు, పాస్‌వర్డులు అన్నీ తీసేశాను. ఆటల డిస్కు ఈఎక్స్‌టీ4 కాబట్టి విండోస్‌కు అది అర్థం కాదు. ఫార్మాట్ చేయాలా అని అడిగినప్పుడు తొందరలో ఒప్పుకోకుండా, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని ఆఫ్‌లైన్ చేశాను.

ఒక చిన్న చిక్కు మిగిలింది. అటూ ఇటూ మారినప్పుడల్లా గడియారం తప్పేది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగానూ, లినక్స్ యూటీసీగానూ (ప్రపంచ ప్రామాణిక సమయంగానూ) చదువుతాయి. విండోస్ రిజిస్ట్రీలో ఆ గడియారం యూటీసీ అని చెప్పే ఒక విలువ చేర్చాక సరిపోయింది.

మొత్తం: 38 గంటలు. లినక్స్‌లో 22, విండోస్‌లో 2. పట్టికలో ఇంకా తెరిచి ఉన్న వరుస ఆట ఖ ఒక్కటే. డ్రైవర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ నాలుగు పరుగులు తీసి, 55 పక్కన కొత్త అంకె రాస్తున్నాను.